భార్య ఆదాయం: సున్నా

పాప పుట్టాక ఏడాదికి పైగా ఇంట్లోనే ఉన్నాను. అంతకుముందు ఇక్కడ సార్నియా అనే ఊళ్ళో ఒక వృద్ధుల హోమ్‌లో పని చేసేదాన్ని. మంచులోంచి కారు తవ్వి తీసుకుని మరీ వెళ్ళిన ఉద్యోగం అది. ప్రతి జీతంలోనూ ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ కింద కొంత కోసుకునేవారు. ఆ బీమా నుంచే, కాన్పయ్యాక, ప్రభుత్వం రెండు వారాలకోసారి నా ఖాతాలో డబ్బు వేసేది. దాన్ని అందరూ ఈఐ అంటారు. పాప డైపర్లన్నీ ఆ డబ్బుతోనే కొన్నాను.

ఒక శనివారం పొద్దున మా ఆయన టాక్స్ ఫైల్ చేయడానికి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఇక్కడ మొగుడూ పెళ్ళాలు ఎవరి రిటర్న్ వాళ్ళే వేయాలి గానీ, ఒకరి దాంట్లో రెండోవారి ఆదాయం కూడా చెప్పాలి. పాపను భుజాన వేసుకుని వెనకనుంచి తొంగి చూశాను. భార్య ఆదాయం అన్నచోట సున్నా పెట్టారు.

నాకు ఒళ్ళు మండింది.

"సున్నా ఏంటండీ?"

"నువ్వు జాబ్ చేయట్లేదు కదే."

"మరి నాకు ఈఐ వస్తోందిగా?"

"అది బెనిఫిట్. గవర్నమెంట్ ఇచ్చినదాన్ని మళ్ళీ గవర్నమెంట్‌కే రిపోర్ట్ చేస్తారా ఎవరైనా?"

అక్కడికేదో నాకు జాలిపడి ఇస్తున్నట్టు! నా ఫోన్‌లో ఈఐ వాళ్ళు పంపిన స్లిప్ తెరిచి ఆయన ముక్కు ముందు పెట్టాను. నా పేరు, దాని కింద ఏడాదంతా కలిపి నాకు వచ్చిన మొత్తం. ఆయన తప్పుడు లెక్క రాసే మనిషి కాదు, తెలియక చేసిందే. సున్నా చెరిపేసి ఆ మొత్తం కొట్టారు.

స్క్రీన్ మీద ఆయన రీఫండ్ అమాంతం పడిపోయింది. సంపాదన లేని భార్య ఉంటే వచ్చే రాయితీ కాస్తా చాలావరకు ఎగిరిపోయింది మరి. ఆ డబ్బుతో కారుకు మంచులో జారని కొత్త వింటర్ టైర్లు కొందామని ఆశ పెట్టుకున్న మనిషి ముఖం వేలాడేశారు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు.

"డబ్బులు పోతుంటే ఆ సంతోషమేంటే?"

"నా వల్లే పోయాయి కదండీ!"

ఈ దేశానికి ఆయన వెనకాల డిపెండెంట్‌గా వచ్చినదాన్ని. నా సంపాదన మా ఇంటి లెక్కను అటూ ఇటూ చేయగలదని తెలిసి చాలా గర్వపడ్డాను.

"నీది కూడా ఎప్పట్లాగే నేనే చేసేస్తాలే" అన్నారు. పాపను ఆయన చేతికిచ్చి కుర్చీ లాక్కున్నాను. నాలుగు ప్రశ్నలు దాటాక ఆ టాక్స్ సాఫ్ట్‌వేర్ నన్నూ అడిగింది, భర్త ఆదాయం ఎంతని.

"మీ ఆదాయం ఎంతండీ?"

"అదంతా ఎందుకే, నేను చూసుకుంటాగా."

"ఇక్కడ అడుగుతోంది."

పాపను ఊపుతూ కాసేపు నసిగారు. తర్వాత చెప్పారు. పెళ్ళయిన ఆరేళ్ళకి, మా ఆయన సంపాదన ఎంతో నాకు అప్పుడు తెలిసింది.