బిందె కింద పెట్టిన చోటు

మొన్న నరసరావుపేటలో, డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్న మా మనవరాలు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, పరమాణువు లోపల నిజంగా ఖాళీ అన్నదే లేదని చెప్పుకొచ్చింది. ఎలక్ట్రానంటే గిరగిరా తిరిగే పూస కాదట, లోపలంతా మబ్బులా పరుచుకుని ఉంటుందట. అసలు కణమంటేనే అంతటా నిండి ఉన్న క్వాంటం క్షేత్రంలో లేచిన అల అట, ఏ కణమూ లేని చోట కూడా ఆ క్షేత్రం ఊరుకోక సన్నగా అదురుతూనే ఉంటుందట. నేను బొమ్మ వంక చూస్తున్నానే గానీ, నా కళ్లకు కనపడింది మా అమ్మమ్మ నెత్తురు.

మాది రెంటచింతల దగ్గర పల్లె. నా చిన్నతనంలో ఊళ్లో రెండు పార్టీలు, రెండు బజార్లు, వాటి మధ్య ఒక ఖాళీ జాగా. మావాళ్లు అందులో అడుగు పెడితే అటునుంచి, వాళ్లు పెడితే ఇటునుంచి రాళ్లు లేచేవి. మంచినీళ్ల బావి అటుపక్క ఉండడంతో ఒక్క కట్టుబాటు మాత్రం మిగిలింది: చంకన బిందె ఉన్న ఆడమనిషి మీద ఎవరూ చెయ్యెత్తకూడదు. మన వయసువాళ్లకు ఇలాంటివి విడమరిచి చెప్పక్కర్లేదు.

మాచర్లలో ఇంటర్‌లో చేరిన కొత్తలో, పరమాణువు దాదాపు అంతా ఖాళీయేనని సారు చెప్పిన పాఠాన్ని మా మేనమామకు గొప్పగా అప్పజెప్పాను. ఆయన అరుగు మీది నాపరాయిని అరచేత్తో ఫెడీమని చరిచి, "ఏమే, అంతా ఖాళీ అయితే ఈ రాయి నా చెయ్యినెందుకు ఆపుద్ది? మీ సారునడిగి రా, పో" అన్నాడు.

నేను అడిగేలోపే, ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం గొడవ రేగింది. బెదిరి పారిపోయిన గేదె కోసం ఆ జాగాలోకి ఉరికిన మామ కాళ్ల దగ్గర నాటుబాంబు పేలింది. మోకాలి కింద కండ ముద్దయిపోయి ఆయన అరుస్తుంటే, ఆ రాళ్లవానకు జడిసి మా మగాళ్లు ఒక్కరూ కదల్లేదు. అమ్మమ్మ నీళ్లబిందె చంకనెత్తుకుని నడిచింది. రాళ్లు ఆగిపోయాయి. కొడుకు నోట్లో నీళ్లు పోసింది. రెండు చేతులూ వెయ్యనిదే అంత మనిషిని ఈడ్చుకురావడం ఎట్లా? బిందె కింద పెట్టింది. పెట్టిందో లేదో మొదటి రాయి ఆమె కణతకు తగిలింది. తరవాతవన్నీ, కొడుకు మీద బోర్లాపడిన ఆమె వీపు మీదే పడ్డాయి. ఆ చేతులు పడిపోనూ అని ఇప్పటికీ తిట్టుకుంటాను.

అమ్మమ్మ లేవలేదు. కాలు పోయినా మామ బతికాడు. నా చదువు అక్కడితో ఆగింది. ఆ తరవాత ఎన్నో ఏళ్లపాటు ఆయన అరుగు మీద కూర్చుని, ఆ జాగా వంకే చూస్తూ, "ఏమే, మీ సారునడిగావా?" అనేవాడు.

జవాబు ఇన్నాళ్లకు మనవరాలు చెప్పింది. రాతిలోని ఎలక్ట్రాన్లు చేతిలోని ఎలక్ట్రాన్లను తమ చోటులోకి రానివ్వవట. వినాల్సిన మామ లేడు.

ఇప్పుడు ఆ జాగాలో సిమెంటు రోడ్డు పడింది. రెండు బజార్ల ఆడపిల్లలూ పుస్తకాల సంచులు అక్కడే కింద పడేసి, నవ్వుకుంటూ కాలేజీ బస్సు కోసం ఎదురుచూస్తుంటే చూడ్డానికి ఎంత ముచ్చటేస్తుందో! నేను మాత్రం ఊరికి పోయినప్పుడు, చెయ్యి ఎంత లాగినా సరే, ఆ రోడ్డు దాటేదాకా సంచి కింద పెట్టను.