యోహాను బాబాయి నడిపిన ట్యాంకు

నిన్న నరసరావుపేటలో బస్సు దిగి, సెంటర్లో కొత్తగా నిలబెట్టిన పాత యుద్ధ ట్యాంకు మీద చెయ్యి వేశాను. అరచెయ్యి చురుక్కుమంది. ఎండకు కాగిన రంగువాసన గొంతులోకి వచ్చింది. నువ్వేమో దాని ముందు నిలబడి ఫోటో తియ్యమన్నావు. నాకు యోహాను బాబాయి గుర్తొచ్చాడు. రాయవే మనవరాలా, చెప్తాను.

రెంటచింతలలో మా పక్కిల్లు ఆయనది. సైన్యంలో ట్యాంకు డ్రైవరు. మన దేశంలోనే తయారుచేసిన కొత్త ట్యాంకును ఎడారిలో పరీక్షించేటప్పుడు, నడపడానికి తనే ముందుకెళ్లాడట. "మా ఊరి ఎండ చూసినోడికి ఇదొక లెక్కా సార్" అన్నాడట. మన ఊళ్లో ఎవరైనా అలాగే అంటారు కదా, ఎండ మనకేదో ఆస్తి అయినట్టు. తలుపు మూస్తే లోపల పొయ్యిలో కూర్చున్నట్టు ఉండేదట. దిగాక ఎలా ఉందని అడిగితే, కళ్లు తిరుగుతున్నా "హాయిగా ఉంది సార్" అన్నాడట. ఆయన్ని చూసి మిగతా డ్రైవర్లూ నోరు మెదపలేదు. లోపలికి చల్లగాలి యంత్రం అక్కర్లేదని తేల్చి, ట్యాంకులన్నీ అలాగే చేసి పంపారు.

తరవాతి వేసవిలో, ఆయన దగ్గర పని నేర్చుకున్న డ్రైవరు అలాంటి ట్యాంకులోనే సోలిపోయాడు. బయటికి లాగేసరికి ప్రాణం లేదు. బాబాయి ఉద్యోగం వదిలేసి ఊరికొచ్చాడు.

ఇదంతా నాకు చెప్పింది ఒక వేసవి, ఆ ఏటి చివరి మిరపకోతలప్పుడు. మీ అమ్మ నా కడుపులో ఉంది. కూలీల ముఠాకు నేనే మేస్త్రిని. మధ్యాహ్నం గట్టు మీద వెళ్తూ బాబాయి ఆగాడు.

"ఏందే మరియమ్మా, మొహం అట్టా ఉంది?"

"ఏం లేదు బాబాయ్, తట్టుకుంటాలే. మనకి ఎండ కొత్తా?"

ఆయన నవ్వలేదు. నా మిరపకాయల సంచి లాక్కుని గట్టు మీద పడేశాడు.

"ఆ మాటే నేనూ అన్నా. నా మాట నమ్మి ఒకడు సచ్చాడు. నువ్వు ఓర్చుకుంటే నీ ఎనకున్న ఆడోళ్లు కూడా ఓర్చుకోవాల. ముందు కూకో."

వేపచెట్టు నీడన కూర్చోబెట్టి ట్యాంకు సంగతి చెప్పాడు. నేను కూర్చోవడం చూసి, వరసలో వెనకున్న సుబ్బులు వచ్చి పక్కన కూలబడింది. పొద్దుట్నుంచీ దానికి జ్వరమట. ఒళ్లు కాలిపోతోంది.

"చెప్పవేమే?" అన్నాను.

"మేస్త్రివి నువ్వే ఆగలేదు గదక్కా, నేనెట్టా ఆగేది?" అంది.

బాబాయి తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ ముఠాతో చేలోకి వెళ్తాను. నాకు ఎండ అనిపించినా, అనిపించకపోయినా, "నా వల్ల కాదే" అని ముందు నేనే కూర్చుంటాను. కాసేపటికి ఎవరో ఒకరు వచ్చి పక్కన కూలబడతారు.