భాస్కరయ్య పెట్టని వంక

నంద్యాల భాస్కరయ్య శెట్టి నోట "బాగుంది" అనే మాట విన్నవాళ్ళు భూమ్మీద లేరు. దేన్ని చూసినా ఆయన కంటికి ముందు ఆనేది వంకే. పున్నమి చంద్రుణ్ణి చూపించినా, "ఆ మచ్చ రవ్వంత పక్కకుంటే సరిపోతాండె" అనే రకం. మరీ మురిసిపోయి, ఇక తప్పదనుకున్నప్పుడు మాత్రం, "ఇంతకన్నా అధ్వానం చూసినాలే" అనేవాడు. ఆ మాట సంపాదించుకున్నవాళ్ళు ఏనుగెక్కినంత సంబరంగా నంద్యాల బజారంతా తిరిగి చెప్పుకునేవారు.

మహానందమ్మకు ఆయన పుట్టింటి పక్కింటాయన, తండ్రికి ప్రాణస్నేహితుడు. ఊహ తెలిసినప్పటి నుంచీ "చిన్నాయనా" అనే పిలిచేది. ఒకసారి ఆమె అన్న పరీక్ష తప్పాడు. తండ్రి బెల్టు తీశాడు. సరిగ్గా అప్పుడే భాస్కరయ్య లోపలికొచ్చి, ప్రశ్నల కాగితం అందుకుని, "ఏందప్పా ఈ కాగితం? అప్పడం మాదిరి ఉండాది. అచ్చు చూడు, చీమలు సిరాలో పడి లేసి నడిచినట్టుండాది. దీంట్లో ప్రశ్న యాడుందో ఎతుక్కునేకే మూడు గంటలు చాలవు!" అని మొదలుపెట్టాడు. కాగితం మిల్లు దగ్గర మొదలై సర్కారు దాకా పోయి ఆయన ఊపిరి తీసుకునేసరికి, తండ్రి బెల్టు ఎందుకు తీశాడో మరిచిపోయి మళ్ళీ నడుముకు పెట్టుకున్నాడు.

ఆమె పెళ్ళిచూపులకూ ఆయనే పెద్దమనిషి. ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు ఆదినారాయణ కంగారులో కాఫీ అంతా తెల్ల పంచె మీద ఒంపుకున్నాడు. ఆడవాళ్ళు కిసుక్కుమనబోయేంతలో, "ఈ లోటా చేసినోణ్ణి పట్టుకోని తన్నల్ల! అంచు ఇట్ల వంచితే కాఫీ నోట్లోకి పోతాదా, ఒళ్ళోకి పోతాదా?" అని భాస్కరయ్య కేకలేశాడు. అందరూ ఆయన్ని చూసి నవ్వారు. పంచె సంగతి ఎవరికీ గుర్తులేదు.

వేరుశనక్కాయలకు వంకలు పెట్టడం ఆయన వ్యాపారమైతే, పాత తపాలా బిళ్ళలకు వంకలు పెట్టడం సరదా. ఏ దేశపు బిళ్ళయినా భూతద్దం కింద పెట్టి ఏ యేటిది, ఏ కాగితం, అసలా నకిలీనా, ఎంత ధర చేస్తుంది అని తేల్చేవాడు. ఆ భూతద్దం తన ఇంటికే రాబోతున్నదనీ, దాని కింద తన పరువే ఉండబోతున్నదనీ మహానందమ్మ కలలో కూడా అనుకోలేదు.

అది 1954. మన దేశపు తపాలా బిళ్ళలకు నూరేళ్ళు నిండిన యేడు. కర్నూలు కొత్తగా రాజధాని అయిన జోరు మీద ఉంది. అక్కడ బిళ్ళల పిచ్చి ఉన్న ఆఫీసర్లు కొందరు చిన్న ప్రదర్శన పెట్టుకుంటున్నారని తెలిసి, ఆళ్ళగడ్డలో కిరాణా అంగడి నడుపుకునే ఆదినారాయణకు కాలు నిలవలేదు. ఎప్పుడో నంద్యాలలో ఒక ముసలి దొర స్వదేశం పోతూ సామాన్లు వేలం వేస్తే, తక్కెడ కొందామని పోయి పెట్టె కొనుక్కొచ్చాడు. ఆ పెట్టె అడుగున దొరికిందే ఆస్ట్రియా బిళ్ళల పుస్తకం.

"రేపు పొద్దున బస్సుకు మీ చిన్నాయన వస్తాండాడు. కర్నూలుకు పోకముందే మన బిళ్ళలు చూసేకి," అన్నాడు మధ్యాహ్నం అన్నం దగ్గర. "ఆ ఎర్రది ఉండాది చూడు, రెండు తలకాయల గండభేరుండం బిళ్ళ? దాని కింద ఒక ముక్క అతుక్కోని ఉండాది గదా, ఇంటు గుర్తేసి?"

మహానందమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది. "ఇంటు గుర్తా?"

"ఔ. బళ్ళో అబ్రహాము సారు దగ్గర బిళ్ళల సంగతి రాసిన పాత పుస్తకముండాది. దాంట్లో చూసి ఎగిరి గంతేసినాడు. మనం చిట్టాలో ఖాళీ జాగా ఉంటే ఎవుడూ ఏమీ రాయకుండా గీత కొడ్తాం చూడు, అట్ల ఆ దేశమోళ్ళు బిళ్ళల కాగితంలో మిగిలిన గళ్ళకు ఇంట్లేసినారంట. జనమంతా పనికిరాదని ఆ గళ్ళు చించి పారేసినారు. బిళ్ళకు అతుక్కోని మిగిలినేవి చానా తక్కువ. బిళ్ళకన్నా ఆ ముక్కే గొప్పదంట! దాన్ని పారేసినోడు ఎంత తెలివితక్కువోడో గదా?"

"ఊఁ," అంది మహానందమ్మ.

పోయిన అమావాస్యకు ఇల్లు దులుపుతూ ఆ పుస్తకం తెరిచిన మాట నిజం. ఎర్రటి బిళ్ళ కింద ఇంత పెద్ద ఇంటు గుర్తు చూసి ఆమెకు మనసు చివుక్కుమన్న మాటా నిజమే. చిన్నప్పుడు పలక మీద లెక్క తప్పినప్పుడల్లా అయ్యవారు వేసిన గుర్తు అదే. మొగుడు అంత మురిపెంగా దాచుకున్న బిళ్ళకు ఎవడో తప్పు వేశాడే, నలుగురూ చూస్తే నగుబాటు కదా అనుకుంది. కత్తెర తీసుకుని, చేయి వణక్కుండా, చక్కగా ఆ ముక్కను కత్తిరించేసింది. అచ్చుపడిన కాగితాన్ని కాలితో తొక్కితే సరస్వతికి కోపం వస్తుందని పంచాంగంలో పెట్టింది. ఆ రోజంతా మంచి పని చేశానని లోలోపల సంతోషపడింది కూడా.

ఆదినారాయణ కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. కథ చెప్పే మనిషి. అదే భయం. పెళ్ళయిన కొత్తలో ఆమె నంద్యాల బస్సనుకుని అహోబిలం బస్సెక్కి, పుట్టిల్లు కనబడక ఏడ్చింది. ఆ ఏడుపును గొంతుతో సహా ఆయన ఇప్పటికీ అంగడికొచ్చిన ప్రతివాడికీ వినిపిస్తాడు. శెనగపప్పు కొన్నవాడికి కథ కొసరు. ఇక ఈ ఇంటు కథ దొరికితే ఆళ్ళగడ్డలో ఆమె తలెత్తుకుని తిరగగలదా? దానికి తోడు, ఆ బిళ్ళను చూసినప్పుడు ఆయన ముఖం పసిపిల్లవాడి ముఖంలా వెలిగేది. దాన్ని తన చేత్తో తానే ఆర్పాను కదా అని మరో బాధ. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ, "ఇంకొంచెం చారు పోయమంటారా?" అనే మాటే వచ్చింది.

ఆయన అంగడికి పోగానే పంచాంగం తీసింది. ముక్క ఉంది. తెలుగింటి ఆడదానికి తెలిసిన జిగురు ఒక్కటే. అన్నం మెతుకు తీసుకుని వేలితో మెదిపి, రెండు అంచులకూ రాసి, ఊపిరి బిగబట్టి కలిపి, పుస్తకం మూసి, పైన సన్నికల్లు పెట్టింది. సాయంత్రం తీసి చూస్తే అతుకు కనబడడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది. చిన్నాయన బిళ్ళను చూసే పద్ధతి ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. భూతద్దంతో చూసి ఊరుకోడు. పళ్ళెంలో నీళ్ళు పోసి, దాంట్లో వేస్తాడు. "నిజం నీళ్ళకు భయపడదమ్మా. అతుకు మాత్రం ఊడొస్తాది," అనేవాడు.

మర్నాడు పొద్దున భాస్కరయ్య దిగాడు. "ఆ బస్సు సీటు చేసినోడు ఎన్నడన్నా దాంట్లో కూకోని చూసినాడా?" అంటూ అరుగెక్కాడు. బొరుగుల ఉగ్గాని తింటూ మిరపకాయకు వంక పెట్టాడు. కాఫీ తాగుతూ, గింజ వేయించిన పెనానికి వంక పెట్టాడు. అప్పటికే అబ్రహాము సారూ, కాంపౌండర్ జానూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఆదినారాయణ పట్టు పంచె కట్టాడు.

"మహానందా! పళ్ళెంలో నీళ్ళు తే!"

తెచ్చింది. పళ్ళెం చిన్నాయన ముందు పెట్టి వెనక్కి జరిగింది.

భాస్కరయ్య ఒక్కో బిళ్ళనూ చిన్న పట్టుకారుతో తీసి చూడడం మొదలుపెట్టాడు. ఒక దాంట్లో చక్రవర్తి బొమ్మ ఉంది.

"ఈ గడ్డం చూడప్పా ఆదినారాయణా. మొదట కొట్టిన అచ్చులో ఎంట్రుకలన్నీ ముద్దగా ఉంటాయి. తర్వాత కొట్టిన దాంట్లో పోగు పోగు తెలుస్తాది. ఇది ముద్ద గడ్డం."

"ముద్ద గడ్డం మంచిదా మామా?"

"పాతది. కానీ చక్రవర్తికి ఆ మాత్రం మంగలి దొరకలేదా? దువ్వెన్నన్నా కొనల్ల గదా!" అని బిళ్ళను నీళ్ళలో వేసి, తీసి, ఆరబెట్టి, "ఇంతకన్నా అధ్వానం చూసినాలే," అన్నాడు. ఆదినారాయణ సంతోషం పట్టలేక అబ్రహాము సారు తొడ మీద చరిచాడు.

ఒక్కో బిళ్ళా నీళ్ళలో పడినప్పుడల్లా మహానందమ్మ గుండె దానితో పాటు మునిగి తేలుతోంది. తలుపు పట్టుకుని నిలబడింది. కట్టకడపట గండభేరుండం వంతు వచ్చింది.

భూతద్దం బిళ్ళ మీద ఒకసారి పోయింది. కిందికి దిగింది. ఇంటు గుర్తు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

భాస్కరయ్య జీవితంలో ఒక వస్తువును చూసి ఇంతసేపు నోరు మెదపకుండా ఉండడం అదే మొదలు.

"ఏం శెట్టిగారూ, వంకే దొరకలేదా?" అన్నాడు అబ్రహాము సారు.

"దొరకలేదు! మామకే వంక దొరకలే!" ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. "నీళ్ళల్లో గూడ ఏసి చూడు మామా. అందరి ముందరా తేలిపోనీ! మహానందా, పళ్ళెం దగ్గరికి జరుపు!"

ఆమె ముందుకొచ్చి పళ్ళెం పట్టుకుంది. నీళ్ళు తొణికి నేల మీద పడ్డాయి. భాస్కరయ్య ఆమె ముఖం వైపు చూడలేదు. పళ్ళెం పట్టుకున్న వేళ్ళ వైపు ఒక్క క్షణం చూశాడు.

"ఆ నీళ్ళు పారబోయమ్మా."

"ఏం మామా?"

"ఉప్పునీళ్ళు. బిళ్ళ చెడిపోతాది."

"ఇంతసేపూ ఇవే నీళ్ళు గదా?" అన్నాడు కాంపౌండర్ జాన్.

"అందుకే చెప్తాండా! చూడు, అవన్నీ ఎట్ల వాడిపోయినాయో!" అని కసిరి, గొంతు సవరించుకుని, భాస్కరయ్య తీర్పు చెప్పాడు. "ఆదినారాయణా, దీనికి నీళ్ళు అక్కరలేదు. ఇది అతుకు."

ఆదినారాయణ కూర్చుండిపోయాడు. "అతుకా?"

"ముక్క ఈ బిళ్ళదే. కాదనను. కానీ ఎవురో కత్తెరతో కత్తిరించి, మళ్ళా అతికిచ్చినారు. అతికినాక దాని గొప్ప పోయినట్టే."

"ఎవురు మామా? ఎవురు చేసింటారు?"

మహానందమ్మ కళ్ళు మూసుకుంది. అహోబిలం బస్సు, ఏడుపు, అంగట్లో నవ్వులు, అన్నీ చెవుల్లో మోగాయి.

"ఎవురేందప్పా! ఆ దేశం తపాలా గుమాస్తా!" భాస్కరయ్య గొంతు ఒక్కసారిగా లేచింది. "చక్రవర్తంట, పెద్ద చక్రవర్తి! బిళ్ళకూ బిళ్ళకూ మధ్యన వరసగా నాలుగు బెజ్జాలు పొడిపిచ్చేకి చేతగాలా! ఆ కాలంలో ప్రతి బిళ్ళా కత్తెరతో కత్తిరిచ్చి అమ్మల్సిందే. బెజ్జాలుంటే ఎవురన్నా తప్పుగా కత్తిరిస్తారా? ఆ గుమాస్తా పాపం, ఇంటు చూసి, ఇది తప్పు బిళ్ళేమో, నీటుగా ఉండాలని కత్తిరిచ్చింటాడు. పైవాడు తిడ్తాడని భయపడి మళ్ళా అతికిచ్చింటాడు. వాని తప్పేముండాది? తప్పంతా ఆ రెండు తలకాయల పక్షిది. రెండు తలకాయలుండి ఒక్క దాంట్లో గూడ బుద్ధి ల్యా!"

ఆదినారాయణ భూతద్దం లాక్కుని తానూ చూశాడు. "మామా, అతుకులో తెల్లగా ఏందో ఉండాదే? అన్నం మెతుకు మాదిరి?"

మహానందమ్మ కొంగుతో వేళ్ళు తుడుచుకుంది.

"అన్నమే. వాళ్ళు దాంతోనే అంటిస్తాండ్రి."

"ఆ దేశంలో అన్నం తింటారా?"

"తినరు. అందుకే గదా అంటించేకి మిగిలింది!"

అబ్రహాము సారు ఆలోచించి, అది సబబే అన్నట్టు తల ఊపాడు. భాస్కరయ్య ఊపిరి తీసుకోనివ్వలేదు. "ఆ ముక్కను ఊడదీసి పక్కన పెట్టు. కర్నూల్లో అడిగితే, ఇది అతికిచ్చింది సామీ అని చెప్పు. దాచొద్దు. బిళ్ళ వరకు చూస్తే చేతితో చేసిన కాగితం. మొదటి కాలందే. మిగిలిన మూడు పక్కలా అంచు నిండుగా ఉండాది." ముఖం చిట్లించాడు. చేదు మందు మింగినట్టు అన్నాడు: "ఇంతకన్నా చానా అధ్వానం చూసినా."

చానా! ఆ మాట అంతకు ముందు ఎవరికీ దక్కలేదు. ఆదినారాయణ ముఖం మళ్ళీ వెలిగింది. అప్పుడే కాంపౌండర్ జాన్‌కు ఆస్ట్రియా గుమాస్తా ఎట్లా ఏడ్చి ఉంటాడో గొంతుతో సహా వినిపించడం మొదలుపెట్టాడు. అహోబిలం బస్సు ఏడుపు కన్నా బ్రహ్మాండంగా కుదిరింది.

భాస్కరయ్య భోజనానికి ఆగలేదు. నంద్యాలలో కాయలు తూకానికి వస్తాయని లేచాడు. ఆదినారాయణ సంచీ పట్టుకుని, బస్సులో సీటు ఆపుదామని ముందు పోయి, వీధి మలుపులో ఎదురైనవాడికి గుమాస్తా కథ చెబుతూ నిలబడ్డాడు.

మహానందమ్మ గడప దాకా వెంట వచ్చింది. "చిన్నాయనా... ఆ గుమాస్తా..."

"ఇంగ వాని మాట ఎత్తొద్దు. పాపం, బుద్ధిమంతుడే." చెప్పులు తొడుక్కుంటూ ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "అయినా ఏందమ్మా, మీ ఇంట్లో బియ్యం యాడివి? మెతుకులో జిగురే ల్యా. పట్టీ పట్టకనే ఊడొస్తాండాది!"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఈయన వంకలన్నీ లోటాలకూ కాగితాలకూ బియ్యానికే గానీ, ఎదురుగా ఉన్న మనిషికి ఒక్కటంటే ఒక్కటి పెట్టగా తాను చూడలేదని ఆమెకు అప్పుడు తట్టింది. మనిషి మీద పడబోయే నవ్వును లాక్కుని తన నెత్తిన వేసుకోవడానికే ఇన్నేళ్ళుగా ఈ అరుపులన్నీ అరుస్తున్నాడు మహానుభావుడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందీ? ఇప్పుడు దేనికి వంక పెడ్తాండాడు?" మలుపు దగ్గర నుంచి ఆదినారాయణ కేకేశాడు.

"మన బియ్యానికి!"

ఆదినారాయణకు పౌరుషం వచ్చింది. ఆ బియ్యం తన అంగట్లోవి. సంచీతో సహా వెనక్కి వచ్చాడు. "మామా! మా ఇంట్లో నువ్వు అన్నమే తినకపోతివి గదా? బియ్యం సంగతి నీకెట్ల తెలిసింది?"



భాస్కరయ్య అల్లుణ్ణి ఎగాదిగా చూసి, సంచీ అందుకున్నాడు.

"వంక పెట్టేకి తినల్నా ఏందప్పా?" అని బస్సు వైపు నడిచాడు.