చందా పుస్తకంలో లేని గ్లోరీ

గ్లోరీ, నేనూ యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో ఇరవై ఆరేళ్లు పక్కపక్కన కూర్చుని కూరగాయలు తరిగాం. ఆమె కత్తిపీట ఎంత పదునో నోరూ అంతే. నాకంటే ఒక మెట్టు తక్కువే అనుకోండి. గుంటూరు వైపు పిల్ల, పెళ్లై మెట్టుగూడ వచ్చింది. ఆనాటి నుంచి పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం తార్నాకలో మా చర్చికి తెస్తుంది. ఆరాధన అయ్యాక ఆడవాళ్లందరి పిడికెళ్లూ ఒక సంచిలో కలిపి వేలం వేస్తారు.

కిందటేడు సంఘ కమిటీకి ఎన్నికలొచ్చాయి. కోశాధికారి ప్రభుదాసు యూనివర్సిటీలో గుమాస్తాగా రిటైరైన మనిషి. నెల చందా కట్టినవాళ్ల పేర్లతోనే ఓటర్ల జాబితా రాసి గోడకి అంటించాడు. గ్లోరీ పేరు లేదు. మెస్ పని మానేశాక ఆమె చందా ఆగిపోయింది. ఒక్క ఎన్నికా మానని మనిషి, జాబితా రెండుసార్లు చదివి, నా చెయ్యి పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి నడిచింది.

"నా పేరేది ప్రభుదాసుగారూ?"

"రూల్ అది గ్లోరమ్మా. కట్టినోళ్లకే ఓటు. నన్నడిగితే దేశంలో కూడా ట్యాక్స్ కట్టేటోళ్లకే ఓటుండాలె. అప్పుడు గానీ బాగుపడదు."

"మొన్న అసెంబ్లీకి ఓటేశాను. వేలికి సిరా పూసినాయన రసీదేదని అడగలేదు. దేవుడింట్లో మీరు అడుగుతున్నారు."

పక్కనున్న పాస్టరుగారు నవ్వు ఆపుకుంటున్నారు. నేనెందుకు ఊరుకుంటాను?

"వారం వారం ఆ బియ్యం వేలంలో పాడుకునేది మీరే కదన్నా. మూడేళ్లుగా మీ ఇంట్లో ఉడికేది ఎవరి పిడికెడు?" అన్నాను.

ప్రభుదాసు గొంతు సవరించుకుని పెన్ను మూత తీశాడు. "సరే, ఆ బియ్యాన్నే చందా కింద రాసుకుంటా. ఓటేసుకో."

గెలిచాం అనుకున్నాను. గ్లోరీ పుస్తకం మీద అరచెయ్యి పెట్టేసింది.

"వద్దు. అది దేవుడికిచ్చింది, ఓటు కొనుక్కోడానికి కాదు. నేను ఈ సంఘం మనిషినని రాయండి. మంచాన పడ్డ శాంసన్ తాత పిడికెడు కూడా ఇవ్వలేడు. ఆయన మనవాడు కాకుండా పోయాడా?"

పాస్టరుగారు లేచి గోడ మీది జాబితా ఊడదీశారు. సభ్యులందరి పేర్లతో కొత్తది రాయమన్నారు. ప్రభుదాసే రాశాడు. చేతిరాత మాత్రం ముత్యాలే.

ఎన్నికల రోజు గ్లోరీ పట్టుచీర కట్టి, శాంసన్ తాతను ఆటోలో తీసుకొచ్చింది. ఓటెవరికి వేసిందో నాకు కూడా చెప్పలేదు. ప్రభుదాసు మళ్లీ గెలిచాడు. ఆ మరుసటి ఆదివారం బియ్యం సంచిని ఎప్పటికంటే నలభై రూపాయలు ఎక్కువకు పాడుకున్నాడు. గ్లోరీ ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకుంది గానీ, కొంగు చాటున నవ్వు నాకు కనపడింది.