షావెల్ దగ్గర గడియారం బాబాయ్

మా గడియారం బాబాయ్‌కి ఉన్నది ఒకటే పిచ్చి. కదిలేది ఏది కనబడినా దానికెన్ని సెకన్లు పడుతుందో కొలవకుండా ఉండలేడు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో యంత్రాల పనితనం లెక్కగట్టే ఉద్యోగం ఆయనది. పక్కన కూర్చుని కాగితాలు నింపే పని నాది.

పొద్దున్నే గని నిండా పొగమంచు. అడుగున బొగ్గు తవ్వే షావెళ్లు మేతకు వంగిన ఏనుగుల్లా మెల్లగా తలలూపేవి. దేవుడింకా పూర్తిగా నిద్రలేపని లోకంలా తోచి, కళ్లు మూసుకుని దండం పెట్టుకునేవాణ్ణి.

"పదకొండు సెకన్లు," అనేవాడు బాబాయ్. "నిన్న తొమ్మిదే. ఏంట్రా, కోరికలు పెరిగాయా?"

ఇంట్లోనూ అంతే. పిన్ని టీ వడపోస్తుంటే వాచీ నొక్కేవాడు.

"ఇవాళ నాలుగు సెకన్లు ఆలస్యం."

"ఆ వాచీని కూడా ఇందులోనే వడపోస్తా. ఎంతసేపు పడుతుందో చూసుకోండి!"

ఒకసారి పై ఆఫీసరు వచ్చి ముసలి షావెల్ డ్రైవర్ని దించేస్తానన్నాడు. బకెట్టుతో తవ్వి, తిరిగి, డంపర్ లారీలో పోసి వెనక్కి రావడానికి అందరికీ ముప్ఫై సెకన్లు, ఈయనకు ముప్ఫైయారు. కొలిచింది బాబాయే.

"ఈ సీటు తప్ప నాకింకేం తెలుసు బాబూ?" అన్నాడు డ్రైవరు.

"కొలిచింది కొలిచినట్టే రాస్తా. మార్చను," అన్నాడు బాబాయ్. నాకు ఒళ్లు మండింది.

మర్నాటి నుంచి మూడు రోజులు బాబాయ్ అన్నం క్యారియర్ కూడా విప్పకుండా గట్టు మీదే నిలబడ్డాడు.

"ఇంకేం మిగిలింది కొలవడానికి? ఆ పెద్దాయన ఊపిరా?"

"నోరు మూసుకుని రాయి."

నాలుగో రోజు కాగితం ఆఫీసరు ముందు పెట్టాడు. మిగతావాళ్లు విసురుగా పోస్తే బొగ్గు చుట్టూ చిందుతోంది. డోజరొచ్చి దాన్ని నెట్టేదాకా డంపర్లు ఆగుతున్నాయి. ముసలాయన పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పోస్తాడు. చిన్న పెళ్ల కూడా కింద పడదు. షిఫ్టుకు వాళ్లు నింపేవి డెబ్భై డంపర్లు, ఈయన డెబ్భైనాలుగు.

"ముందే చెప్పలేదేం?" అన్నాడు ఆఫీసరు.

"మనసుకు తెలుసు సార్. మనసు చెప్పింది మీ దగ్గర చెల్లదుగా!"

సీటు దక్కిన డ్రైవరు షావెల్ దిగి పరుగున వచ్చి, మసి చేతులతో బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు.

"సరే సరే, దండాలు తర్వాత. అవతల డంపరు ఆగింది, ఎక్కు."

ఆయన చెయ్యి వదల్లేదు. బాబాయ్ లాక్కోనూ లేదు. పొగమంచులో డంపరు హారన్ మోగుతూనే ఉంది.

నేను పెన్ను తీశాను. "ఎంతసేపు ఆగిందని రాయను బాబాయ్?"

"ఆగిందా? ఏదీ, నాకేం కనబడలేదే!" అన్నాడు ముఖం పక్కకు తిప్పుకుని.