పగలగొట్టిన కుండలు

మా ఆయనది పగిలిన కుండలు అతికించే పని. మ్యూజియం వెనకవైపు, మెట్ల కింద గదిలో, పాత సమాధుల్లోంచి తవ్వితీసిన పెంకులు ముందేసుకుని కూర్చుంటారు. ఇంట్లో కుర్చీ కాలు ఊడి ఎన్నాళ్ళయిందో, దాని జోలికి మాత్రం పోరు. "నేను పోయి రెండు వేల ఏళ్ళయ్యాక బాగుచేస్తారు లెండి," అని దెప్పుతుంటాను. నవ్వి ఊరుకుంటారు. అంతకు మించి మాట్లాడరు.

ఇదివరకు ఆయన ఇలా ఉండేవారు కాదు. మా అమ్మాయి జ్వరంతో పోయిన దగ్గర్నుంచి ఇలా అయ్యారు. పిల్లని మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడే అన్నం డబ్బా పట్టుకుని పనికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన నోట దాని ఊసు రాలేదు. నేనెత్తితే లేచి పక్కగదిలోకి పోతారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆయన కూడా దాని గురించి నాతో మాట్లాడితే చాలనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. ఆ దుఃఖం ఒక్కదాన్నే మోసి మోసి అలిసిపోయాను.

ఈమధ్య మ్యూజియంకి కొత్త మేడమ్ వచ్చారు. సమాధులు తవ్వించి, అప్పటివాళ్ళు చనిపోయినవాళ్ళని ఎలా సాగనంపారో తేల్చడం ఆవిడ పని. ఆవిడ ఈసారి తవ్విన చోటే కాదు, ఇదివరకు తవ్విన చోట్ల కూడా కుండలు మట్టి బరువుకి పగిలినవి కావట. శవాన్ని పూడ్చాక, అయినవాళ్ళే అక్కడ నిలబడి ఒక్కో కుండనీ రాయి పెట్టి కొట్టారట. ప్రతిదానికీ కడుపు దగ్గర దెబ్బ ఉందట. ఎందుకలా చేశారో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. మా ఆయన ఇన్నేళ్ళూ ఆ దెబ్బ తగిలిన చోటే ప్లాస్టర్ నింపి, రంగు పూసి, ఆనవాలు లేకుండా చేశారు. ఆ దెబ్బలు కనబడేలా అన్నీ మళ్ళీ విడదీయమన్నారు మేడమ్.

నిన్న ఆయన అన్నం డబ్బా మర్చిపోతే మధ్యాహ్నం నేనే పట్టుకెళ్ళాను. జిగురు కరిగించే ఘాటైన మందులో దూది ముంచి, అతుకుల మీద అద్దుతూ కనిపించారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళ చాకిరీ నీళ్ళపాలేనా?" అన్నాను.

"చాకిరీదేముందిలే," అన్నారు. ఒక పెంకు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్నే చూస్తూ, "వాళ్ళు మనిషి పోయిందని ఏడ్చి పగలగొట్టుకున్నారు. నేనొచ్చి ఏమీ జరగనట్టు నున్నగా చేసిపెట్టాను," అన్నారు.

నేను డబ్బా బల్ల మీద పెట్టాను.

"ఆ మర్నాడు నేను పనికి రాకుండా ఉండాల్సింది. నీ దగ్గర కూర్చోవాల్సింది. అమ్మాయి ఇక లేదని అనుకోవడం నా వల్ల కాలేదు," అన్నారు.

ఈ మాట ఎప్పుడైనా వింటే బావురుమంటాననుకున్నాను. ఒక్కోరోజు, ఇన్నాళ్ళూ ఏం చేశారని కడిగిపారేయాలనీ అనుకున్నాను. తీరా విన్నాక ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. నిద్ర ముంచుకొచ్చింది.

"కాసేపు ఇక్కడ పడుకుంటానండీ," అన్నాను.

ఆయన పెంకులన్నీ పక్కకి జరిపి బల్ల మీద చోటు చేశారు. తల వాల్చి, ఆ మందు వాసనలోనే నిద్రపోయాను.