సారు గంబూట్లు

తొంభైల చివర్లో భద్రాచలం దగ్గర ఓ ప్రభుత్వాఫీసులో కొత్తగా కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఆ వానాకాలం గోదావరి పొంగింది. నీళ్లు చుట్టుముట్టిన అడవి ఊళ్ల లిస్టు కంప్యూటర్లో చెరిగిపోతే, ఫ్లాపీల నుంచి మళ్లీ ఎక్కించబోయాను. సగంలో ఆగిపోయింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒకటే లైను: ‘డిస్క్ బూట్ ఫెయిల్యూర్’.

నా వెనక ఎమ్మార్వో సారు, బురద గంబూట్లతో. “ఏందమ్మా, పడవలు లిస్టు కోసమే ఆగినయ్. జనం చెట్లెక్కి కూసున్నరు. జల్దీ కానియ్!”

ఆ గదిలోకి చెప్పులతో రాకూడదని రూలు. బూట్ అంటే కంప్యూటర్ లేవడమని నాకు అప్పటికి తెలీదు, కాళ్ల బూట్లే అనుకున్నాను.

“సార్... మీ బూట్ల వల్లే ఆగిపోయిందంట సార్.”

ఆయన ముఖం పాలిపోయింది. “అయ్యో, ముందే చెప్పొద్దా!” అంటూ బయటికి పరుగెత్తారు. అప్పుడు చూశాను, ఫ్లాపీ ఇంకా లోపలే ఉంది, అదుంటే కంప్యూటర్ లేవదు! లాగేసి స్విచ్ నొక్కాను. సారు ఒట్టి కాళ్లతో లోపలికి రావడం, కంప్యూటర్ లేవడం ఒకేసారి జరిగాయి.

బీరువాలో దాచిన రెండో సెట్ ఫ్లాపీలతో లిస్టు వచ్చింది. పడవలు కదిలాయి.

రిటైరయ్యేదాకా సారు ఆ గది బయటే చెప్పులు విడిచి, తప్పు చేసినవాడిలా లోపలికొచ్చేవారు. నిజం చెప్పే ధైర్యం నాకు ఒక్కరోజూ రాలేదు.